రాయగడ కుర్రాడి మొదటి బేస్ రిగ్: ఏం కొన్నాడు, ఏం మార్చాం, డుడుమ ఎందుకు వద్దన్నాం

కేసు

రాయగడలో పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడు. వయసు 27, ఒంటి బరువు 74 కిలోలు. స్కైడైవింగ్ థాయ్‌లాండ్‌లో నేర్చుకున్నాడు. ఏ-లైసెన్సు (మొదటి స్థాయిది) ఉంది, మొత్తం 96 జంపులు. వాటిలో చివరివన్నీ 170 చదరపు అడుగుల తొమ్మిది సెల్లుల (గాలి నిండే గదుల) క్యానపీ, అంటే పారాచూట్ గుడ్డ, మీద చేసినవే. మా దగ్గరికి వచ్చేసరికే సెకండ్ హ్యాండ్‌లో ఒక బేస్ రిగ్, అంటే కొండలూ వంతెనల మీంచి దూకడానికి వాడే పారాచూట్ సెట్టు, కొనేశాడు. అడిగింది రెండే మాటలు. ఈ రిగ్ పనికొస్తుందా? దీంతో కోరాపుట్ జిల్లాలో డుడుమ జలపాతం మీంచి దూకొచ్చా?

రిగ్‌లో సగం పనికొస్తుంది, డుడుమ మాత్రం వద్దు అన్నాం. ఎందుకో ఒక్కొక్కటే రాస్తున్నాం, ఎందుకంటే ఈ కుర్రాడు పడిన పొరపాట్లే కొత్తగా వచ్చేవాళ్ళలో చాలామంది పడతారు.

బిల్డింగ్, యాంటెనా టవర్, వంతెన, కొండకొమ్ము: ఈ నాలుగింటి మీంచి దూకడమే బేస్ జంపింగ్. విమానంలోంచి మూడు నాలుగు కిలోమీటర్ల ఎత్తున దూకినవాడికి మెయిన్ పారాచూట్ పాడైతే రెండోది, రిజర్వ్, ఉంటుంది, స్పృహ తప్పితే తనంతట తాను రిజర్వ్ తెరిచే యంత్రం ఉంటుంది. ఇక్కడ ఆ రెండూ ఉండవు. ఒక్కటే పారాచూట్. దాన్ని సరిదిద్దుకోవడానికి వ్యవధి కూడా ఉండదు. మొదటి సెకనులో మనిషి దాదాపు 5 మీటర్లు పడతాడు, రెండు సెకన్లకు 20, మూడు సెకన్లకు 44 దగ్గర. నూటయాభై మీటర్ల చోట మూడో సెకను దాటాక ఆలోచించుకుందాం అనడానికి ఏమీ మిగలదు.

అందుకే గేరు ఎంపికకు ఒక వరస ఉంది. ముందు ఎక్కణ్నుంచి దూకుతున్నామో తేలాలి. దాన్నిబట్టి ఎన్ని సెకన్లు ఆగి పైలట్ ఛూట్ (క్యానపీని బయటికి లాగే చిన్న పారాచూట్) వదలాలో తేలుతుంది. దాన్నిబట్టి పైలట్ ఛూట్ సైజు, తెరుచుకోవడాన్ని నెమ్మదింపజేసే స్లైడర్ ఉండాలా వద్దా, క్యానపీ తోకను కిందికి లాగి పట్టే బ్రేకు ఎంత లోతున కట్టాలి అన్నవి. మన బరువు, దిగే నేల చూసి క్యానపీ సైజు. ఇవన్నీ మడిచి పెట్టే వీపు సంచి, అంటే కంటైనర్, అన్నింటికన్నా చివర. మన కుర్రాడు సరిగ్గా దీన్ని తిరగేశాడు. కంటైనర్ రంగు నచ్చి కొన్నాడు, లోపల ఏముంటే అదే వచ్చింది.

కొన్న సామాను

వెల్‌క్రో కంటైనర్, అందులో 222 చదరపు అడుగుల ఏడు సెల్లుల బేస్ క్యానపీ. కింది గుడ్డకు వెంట్లు (గాలి దూరే కన్నాలు) ఉన్నాయి. 36 అంగుళాల పైలట్ ఛూట్, తొమ్మిది అడుగుల బ్రైడిల్ (పైలట్ ఛూట్‌ను క్యానపీకి కలిపే పట్టీ), పెద్ద కన్నాల జాలీ స్లైడర్ వచ్చాయి. ఇవి కాక, "స్పేర్ ఉంటుంది కదా సార్" అని తన స్కైడైవింగ్ రిగ్ పైలట్ ఛూట్ కూడా తెచ్చాడు.

ముందు ఆ స్పేరు సంగతి. స్కైడైవింగ్ పైలట్ ఛూట్ తన పని అయ్యాక ముడుచుకుపోయేలా ఉంటుంది. మధ్యలో కిల్ లైన్ అనే ఒక తాడు ఉంటుంది, ప్యాక్ చేసే ముందు దాన్ని లాగి సిద్ధం చేయాలి. మరిచిపోతే అది గాలి పట్టదు, వెనకాల గుడ్డముక్కలా వేలాడుతుంది. విమానంలోంచి అయితే రిజర్వ్ లాగి బతుకుతారు. బేస్ పైలట్ ఛూట్‌కు ఆ కిల్ లైన్ ఉండదు, ముడుచుకోదు. బ్రైడిల్ కూడా పొడవు, ఎందుకంటే వీపు వెనక తిరుగుళ్ళు పడే గాలిని దాటి శుభ్రమైన గాలి అందుకోవాలి. ఆ స్పేరును ఆ రోజే బ్యాగులోంచి తీయించేశాం. రెండు రకాలు ఒకే బ్యాగులో ఉంటే ఏదో ఒక రోజు చెయ్యి తప్పుతుంది.

పైలట్ ఛూట్: ఈ కేసులో అసలు ప్రమాదం

36 అంగుళాలది మంచి వస్తువే. కుట్లు గట్టిగా ఉన్నాయి, గుడ్డ తాజాగా ఉంది. కానీ అది పెద్ద కొండల మీంచి చాలాసేపు పడి, వేగం బాగా అందుకున్నాక వదిలేది. పైలట్ ఛూట్ లాగుడు దాని వైశాల్యాన్నిబట్టి పెరుగుతుంది, వేగానికైతే వర్గం చొప్పున పెరుగుతుంది. పూర్తి వేగం అంటే సెకనుకు 53 మీటర్ల దగ్గర. రెండు సెకన్ల తర్వాత వేగం 19 మాత్రమే. అంటే అదే పైలట్ ఛూట్ రెండో సెకనులో ఇచ్చే లాగుడు, పూర్తి వేగంలో ఇచ్చేదాంట్లో ఎనిమిదో వంతు. ఈ లోటు పూడ్చడానికే సైజు పెంచుతారు. 36తో పోలిస్తే 42 అంగుళాలదానికి వైశాల్యం ఒకటింబావు రెట్లు దాటుతుంది, 48దానికి ఒకటిముప్పావు రెట్లు.

వాడకంలో ఉన్న కొలతలు ఇంచుమించు ఇలా ఉంటాయి. దూకుతూనే వదిలేటట్టయితే 48 లేదా 46. సెకను, రెండు సెకన్లు ఆగేదానికి 46 లేదా 42. మూడు, నాలుగింటికి 42 నుంచి 38. అంతకు మించితే 36, పూర్తి వేగానికి 32 దాకా. తయారీదారు పట్టిక ఒకటి ఉంటుంది, మొదట్లో దాన్నే పట్టుకోవాలి.

"అయితే పెద్దదే కొని అన్నిటికీ అదే వాడేస్తే?" అని అడిగాడు. అదీ కుదరదు. వేగంలో పెద్ద పైలట్ ఛూట్ వదిలితే అది క్యానపీని విసురుగా లాక్కుపోతుంది. టెయిల్ పాకెట్‌లో (తోక దగ్గరి చిన్న సంచిలో) మడిచిన లైన్లు, అంటే క్యానపీ తాళ్ళు, వరసగా రాకుండా ఒక్కసారే బయటపడతాయి. నడిమి సెల్ ముందు లేచి పక్కలు వెనకబడతాయి. అప్పుడు తెరుచుకునే దిశ మన చేతిలో ఉండదు. దిశ తప్పడం అంటే ఏమిటో డుడుమ దగ్గర చెప్తాం.

ఆ 36ను పక్కన పెట్టించి, 46 ఒకటి, 42 ఒకటి కొనిపించాం. రెండిటి మీదా సైజు కనబడేలా మార్కర్‌తో బ్రైడిల్ మొదట్లోనే రాయించాం. చేతిలో పట్టుకున్నప్పుడు అంకె కళ్ళ ముందు ఉండాలి.

క్యానపీ సైజు

కుర్రాడి బరువు 74. రిగ్, హెల్మెట్, బూట్లు, మోకాలి కవచాలు, బట్టలు కలిపి ఇంకో పది కిలోలు. మొత్తం 84 కిలోలు, అంటే 185 పౌండ్లు. 222 మీద భాగిస్తే చదరపు అడుగుకు 0.83 పౌండ్లు. స్కైడైవింగ్ లెక్కలో ఇది నింపాది క్యానపీయే, అతను అలవాటుపడింది 1.09కి. అందుకే "ఇదే పెద్దది కదా సార్" అన్నాడు.

బేస్‌లో కొత్తవాడికి మేము చెప్పేది 0.7 దగ్గర. 185ను 0.7తో భాగిస్తే 264 వస్తుంది. కారణం దిగే నేల. డ్రాప్ జోన్‌లో (స్కైడైవర్లు దిగే చోట) గడ్డి మైదానం ఉంటుంది, ఎటు గాలి ఉంటే అటు తిరిగి దిగొచ్చు. కొండ కింద, వంతెన కింద ఉండేవి రాళ్ళు, ఏటవాలు, చెట్లు. చిన్న జాగాలో బ్రేకులు లోతుగా లాగి నిటారుగా దించాలి. చిన్న క్యానపీ అలా లాగితే తొందరగా స్టాల్ అవుతుంది, అంటే ఎగరడం మానేసి కూలబడుతుంది. పెద్దది ఓర్చుకుంటుంది.

మన ప్రాంతానికి మరో లెక్క ఉంది. కోరాపుట్ పీఠభూమి సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల దగ్గర ఉంటుంది. 32 డిగ్రీల ఎండలో అక్కడి గాలి, ప్రామాణిక లెక్కలో పదిహేడు వందల మీటర్ల ఎత్తున ఉండేంత పలచబడుతుంది. అదే క్యానపీ సముద్రమట్టంలోకన్నా ఎనిమిది తొమ్మిది శాతం వేగంగా నడుస్తుంది, అంతే వేగంగా నేలకు దిగుతుంది. గోపాల్‌పూర్ ఇసుకలో మెత్తగా దిగిన క్యానపీయే సెమిలిగూడ గట్టు మీద చీలమండ విరగ్గొట్టగలదు.

222ను అమ్మించి, 260 పైబడ్డది ఒకటి వెతికించాం. మళ్ళీ సెకండ్ హ్యాండే. అందులో తప్పు లేదు, చూసి కొనాలి. మేము చూసినవి ఇవి: తయారీ తేదీ పట్టీ, లైన్లు ఎప్పుడు మార్చారు, నీళ్ళలో ఎన్నిసార్లు పడింది, బ్రైడిల్ తగిలించే చోట కుట్లు, టెయిల్ పాకెట్ వెల్‌క్రో పట్టు, రైజర్లకు (భుజాల మీంచి పైకి పోయే పట్టీలకు) లైన్లు కలిపే లింకుల మరలు. నడిమి సెల్ పై గుడ్డను పెదాలకు ఆనించి ఊదాం. గాలి సులువుగా దాటిపోతే ఆ గుడ్డ అలిసిపోయినట్టు. ఎఫ్-111 రకం నైలాను గుడ్డ కాలం గడిచేకొద్దీ గాలి వదలడం మొదలెడుతుంది. ఎండలో ఆరేసిన గుడ్డ ఇంకా తొందరగా పోతుంది. కుడి, ఎడమ బ్రేకు లైన్లను పక్కపక్కన పెట్టి లాగి కొలిచాం. అక్కడ తేడా ఉంటే క్యానపీ ఎప్పుడూ ఒక పక్కకే తెరుచుకుంటుంది, జంపరేమో తన భుజాల తప్పు అనుకుంటాడు.

వెంట్లు ఉన్నదే కొనమన్నాం. కింది గుడ్డ కన్నాల్లోంచి కూడా గాలి దూరడంతో తక్కువ వేగంలో క్యానపీ త్వరగా బిగుసుకుంటుంది. గోడకు ముక్కు తగిలినా అంత సులువుగా కూలిపోదు.

కంటైనర్ గురించి నాలుగు మాటలు చాలు. తక్కువ ఎత్తులకు వెల్‌క్రో సరిపోతుంది, ఎక్కువ వేగాలకు పిన్ను రకం మేలు. వెల్‌క్రో అలిసిపోతే ముందే విడిపోతుంది, సరికొత్తదైతే పైలట్ ఛూట్ లాగినా తొందరగా వదలదు. మన ఊళ్ళ ఎర్రమట్టి దుమ్ము దానికి పెద్ద శత్రువు. టూత్‌బ్రష్‌తో దులపాలి, పట్టు తగ్గితే పట్టీ మార్పించాలి. అతని కంటైనర్ ఉంచేశాం. కొత్త క్యానపీ అందులో నలగకుండా పట్టిందని చూసుకున్నాకే.

స్లైడర్, బ్రేకులు, ప్యాకింగ్

మొదటి జంపులన్నీ స్లైడర్ తీసేసి చేసేవే. స్లైడర్ అంటే క్యానపీ ఒక్కసారే విచ్చుకోకుండా ఆపే గుడ్డ. తక్కువ వేగంలో ఆ ఆపుడు అక్కర్లేదు, ఎత్తు తింటుంది. నాలుగు సెకన్లకు పైన ఆగే జంపుల్లోనే దాని పని.

స్లైడర్ తీసేస్తే ఇంకో చిక్కు వస్తుంది. బ్రేకు లైను ఎగిరి క్యానపీ ముందంచు మీద పడొచ్చు. దాన్నే లైన్ ఓవర్ అంటారు. క్యానపీ గిరగిరా తిరుగుతుంది. దీనికి రెండు రక్షణలు. ఒకటి టెయిల్‌గేట్: రెండు పక్కల పై బ్రేకు లైన్లను తోక మధ్యలో ఒక రబ్బరు బ్యాండుతో కలిపి పట్టి ఉంచే చిన్న ఏర్పాటు. తొలి క్షణాల్లో లైన్లు తోకతోపాటే ఉంటాయి, క్యానపీ నిండగానే జారిపోతాయి. రెండోది, టాగుల్‌ను (బ్రేకు లాగే చేతిపిడిని) లైను నుంచి పూర్తిగా విడిపించే వీలు. చిక్కుపడ్డ లైను వదిలేసి వెనక రైజర్లతో నడిపి దిగాలి. ఇందుకోసం స్లైడర్ లేనప్పుడు బ్రేకు లైను రైజర్ మీది రింగులోంచి పోకూడదు. పోనిస్తే విడవాల్సిన వేళ అక్కడే చిక్కుకోవచ్చు.

ప్యాకింగ్ సాధన రాయగడలో ఒక కల్యాణ మండపంలో పెట్టుకున్నాం. ఆషాఢం గనక హాలు ఖాళీ, అదే ఆషాఢం గనక నేలంతా చెమ్మ. కింద టార్పాలిన్, దాని మీద పొడి దుప్పటి పరిచాకే క్యానపీ విప్పనిచ్చాం. అతని మొదటి ప్యాక్‌కు రెండు గంటలు దాటింది. తప్పేమీ కాదు, తొందరపడిన ప్యాకే భయపెడుతుంది. ముగించి "అయింది సార్" అన్నాక, మూసిన కంటైనర్ మళ్ళీ విప్పించి వెనక్కి చూసుకుంటూ వచ్చాం. టెయిల్‌గేట్ బ్యాండులో ఎడమ లైన్లన్నీ ఉన్నాయి. కుడివైపు ఒకటి బయట ఉండిపోయింది, తోక మడత కింద దాక్కుని పైకి కనబడలేదు. లైన్ ఓవర్‌కు అంత చాలు. కుడి బ్రేకు లైను రింగులోంచే పోయి ఉంది, స్లైడర్ ఉన్నప్పటి అలవాటు. మడతలు జారకుండా పెట్టే క్లాంపులు తొమ్మిది వాడాడు, బయట నేల మీద ఎనిమిదే ఉన్నాయి. తొమ్మిదోది క్యానపీ మడతల మధ్య దొరికింది.

సునాబెడలో ఇంజన్ల ఫ్యాక్టరీలో పనిచేసే అతని మేనమామ ఆ రోజు హాల్లోనే ఉన్నారు. "పని చేసినోడు ఒకడు, చూసి సంతకం పెట్టేవోడు ఇంకోడు ఉండాలి కదరా అల్లుడూ" అన్నారు. ఆయన చెప్పిన పద్ధతే కార్డు చేశాం. పైన తేదీ, చోటు, ఎన్ని సెకన్లు, పైలట్ ఛూట్ సైజు, స్లైడర్ ఉందా లేదా, బ్రేకు ఏ లూపులో (లైను మీది ఏ కన్నంలో) కట్టాం. కింద నాలుగు గడులు: టెయిల్‌గేట్‌లో లైన్లన్నీ, లైన్లు రింగు బయట, క్లాంపులు ఎన్ని పెట్టి ఎన్ని తీశాం, బ్రైడిల్ దారి. రెండు సంతకాలు. ఒంటరిగా ప్యాక్ చేస్తే ప్రతి గడికీ ఫోన్‌లో ఫొటో తీయాలి.

బ్రేకు లోతు సంగతి కాస్త నిదానంగా చెప్పాలి. బేస్ క్యానపీకి స్కైడైవింగ్ కన్నా లోతైన బ్రేకు కడతారు. తెరుచుకున్న వెంటనే ముందుకు దూసుకుపోకుండా ఉండటానికి. మరీ లోతైతే తెరుచుకుంటూనే స్టాల్ అయి వెనక్కి నడుస్తుంది. సరైన లూపు ఎవరి బరువుకు, ఎవరి క్యానపీకి వాళ్ళు పరీక్షించి పెట్టుకోవాల్సిందే. ఆ పరీక్ష వెనక గోడ లేని చోట, అనుభవజ్ఞుడి ఎదుట జరగాలి. అమ్మినవాడు వేసిన గుర్తు అతని బరువుకు వేసింది.

డుడుమ ఎందుకు కాదు

డుడుమ ఎత్తు 175 మీటర్లు. అమెరికా ఐడహోలో ట్విన్ ఫాల్స్ దగ్గర పెర్రీన్ వంతెన స్నేక్ నది మీద 148 మీటర్లు. ఏడాది పొడవునా పర్మిట్ లేకుండా దూకనిస్తారు, కొత్తవాళ్ళ మొదటి కోర్సులు ఎక్కువగా జరిగేవి అక్కడే. "ఇంటి పక్కన దానికన్నా ఎత్తుంటే అంత దూరం ఎందుకు?" అన్నది అతని ప్రశ్న.

ఎత్తు ఒక్కటే చూస్తే నిజమే. కానీ వంతెన వెనక ఏమీ లేదు, గాలే. క్యానపీ వెనక్కి తిరిగి తెరుచుకుంటే వంతెన కిందనుంచి అటువైపు దూరిపోతారు. కొండమీద వెనక ఉండేది రాయి. ఎంత గట్టిగా తన్ని దూకినా ముందుకు పోయే వేగం సెకనుకు రెండు మీటర్లు, మహా అయితే ఇంకాస్త. తెరుచుకునేసరికి మూడు సెకన్లు అనుకుంటే గోడకు ఆరేడు మీటర్ల దూరం. ఎదురు తిరిగిన క్యానపీ లోతు బ్రేకుల్లో కూడా సెకనుకు మూడు మీటర్లు పైనే గోడవైపు నడుస్తుంది. మీకున్నది రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లలో టాగుళ్ళు వెతకకుండా వెనక రైజర్ లాగి తిప్పడం చేతులకు ముందే వచ్చి ఉండాలి. 96 జంపులవాడికి రాదు.

జలపాతం వేరే సమస్య. పడే నీరు తనతో గాలిని కిందికి ఈడుస్తుంది, అది అడుగున కొట్టుకుని పైకి లేస్తుంది. తుంపర గుడ్డను తడుపుతుంది. ఎండెక్కాక లోయ గోడల వెంట వేడిగాలి ఎగబాకుతుంది. పైన అంచు దగ్గర ఆకు కదలకపోయినా కింద గాలి అలాగే ఉందనుకోకూడదు. కింద బండరాళ్ళు, మచ్ఛకుండ్ నది నీళ్ళు. ఆ నీటి మీద జలవిద్యుత్ కేంద్రం నడిచే లోయ కాబట్టి కరెంటు తీగల సంగతి కూడా చూసుకోవాలి. తీగ పైనుంచి ఆకుపచ్చ అడవి మీద కనబడదు. కాలు విరిగితే స్ట్రెచర్ పైకి మోసుకు రావాలి. అక్కణ్నుంచి కోరాపుట్ మెడికల్ కాలేజీయో, విశాఖో.

అనుమతి సంగతి: 2022 జాతీయ వాయు క్రీడల విధానంలో పారాచూటింగ్ కింద బేస్ జంపింగ్ పేరు ఉంది. అంతమాత్రాన ఫలానా కొండ మీంచి దూకే హక్కు వచ్చినట్టు కాదు. జిల్లా యంత్రాంగం, ఆ స్థలం ఎవరిదో వాళ్ళు ఒప్పుకోవాలి. డుడుమ ఒడిశా, ఆంధ్ర సరిహద్దు మీద ఉంది, ప్రాజెక్టు రెండు రాష్ట్రాలదీ.

అతను ఇంకో వాదన చేశాడు. 1978లో, బేస్ జంపింగ్‌కు ఆద్యుడైన కార్ల్ బోనిష్ బృందం అమెరికాలో ఎల్ కాపిటన్ కొండ మీంచి స్కైడైవింగ్ గేరుతోనే దూకలేదా అని. దూకింది. ఎల్ కాపిటన్ తొమ్మిది వందల మీటర్ల గోడ. గోడకు దూరంగా జరగడానికి, గేరు తన పని చేయడానికి అక్కడ వ్యవధి ఉంది. అదే బోనిష్ 1984లో నార్వేలో ట్రోల్‌వెగ్గెన్ కొండగోడ దగ్గర బేస్ జంపులోనే చనిపోయారు.

ఏం చేశాడు

ముందు 200 స్కైడైవింగ్ జంపులు పూర్తి చేయమన్నాం. మిగిలినవి ఊరికే లెక్క నింపడానికి కాదు. పెద్ద ఏడు సెల్లుల క్యానపీ అద్దెకు తీసుకుని, ప్రతి జంపులో ఒక పని పెట్టుకున్నాడు: పైన స్టాల్ ఎక్కడ మొదలవుతుందో చేతి ఎత్తుతో గుర్తుపట్టడం, బ్రేకులు విప్పకుండా వెనక రైజర్లతో తిరగడం, ఎత్తు పోకుండా చదునుగా మళ్ళడం, పది మీటర్ల వలయంలో దిగడం. వలయంలో పదికి ఎనిమిది పడేదాకా కోర్సుకు డబ్బు కట్టొద్దన్నాం.

ఆ తర్వాత పెర్రీన్‌లో కోర్సు. మొదటివి 46 అంగుళాలదానితో, శిక్షకుడు పైలట్ ఛూట్ పట్టుకుని లైన్లు సాగాక వదిలే పద్ధతిలో. తర్వాత తన చేతిలో పట్టుకుని, సెకను ఆగి వదిలాడు. నీళ్ళలో పడితే తేలే జాకెట్ వేసుకున్నాడు. బూట్ల కొక్కేలకు లైను చిక్కుకోకుండా టేపు చుట్టాడు. రెండుసార్లు క్యానపీ కుడికి 90 డిగ్రీలు తిరిగి తెరుచుకుంది. వీడియో చూస్తే రెండుసార్లూ విసిరేటప్పుడు కుడి భుజం కిందికి దిగింది. ప్యాకింగ్ కార్డులూ ఫొటోలూ సరిగ్గా ఉండబట్టి అనుమానం ఒంటి మీదికే వెళ్ళింది. లేకపోతే లైన్లు మార్పించేవాడు.

వర్షాకాలంలో రిగ్ వాడకం లేదు. క్యానపీ ప్యాక్ చేసి ఉంచకుండా వదులుగా కాటన్ దుప్పట్లో చుట్టి, మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెట్టాడు. గోనెసంచిలోనో అటక మీదో పెడితే ఎలుకలు ఊరుకోవు. నైలాను మీద బూజు మచ్చ పడితే సబ్బు వేసి రుద్దకూడదు, నీడలో ఆరబెట్టి రిగ్గర్‌కు (పారాచూట్లు పరీక్షించి బాగుచేసేవాడికి) చూపించాలి. దసరా తర్వాత చెమ్మ తగ్గాక మళ్ళీ తీసి లైన్లు కొలవాలి, వెల్‌క్రో పట్టు చూడాలి, రబ్బరు బ్యాండులన్నీ కొత్తవి వేయాలి.